ఏ సాఫ్ట్‌వేర్ అన్నది తర్వాత, ఆ పనికి ఎవరికి టైం ఇస్తారో ముందు తేల్చుకోండి

నమస్తే అండీ. మీరు అడిగినవి ముందు క్లుప్తంగా ఇక్కడ పెడతాను, తర్వాత చదివేవాళ్లకీ అర్థమవుతుంది. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో పంపులు, గేర్‌బాక్సులు రిపేరు చేసే మీ సంస్థలో 120 మంది పనిచేస్తున్నారు. ఏటా ఐటీఐల నుంచి, దగ్గర్లోని ఒక పాలిటెక్నిక్ నుంచి అప్రెంటిస్‌లు వస్తారు. ముగ్గురు సీనియర్ మెకానిక్‌లు రెండేళ్లలోపు రిటైర్ అవుతున్నారు. "ఒక ఎల్ఎంఎస్ పెట్టించి, వాళ్లకి తెలిసిందంతా అందులో ఎక్కించేయండి" అని ఓనరుగారు మీకు అప్పజెప్పారు. ఎల్ఎంఎస్ అంటే పాఠాలు, పరీక్షలు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్, మూడుల్ అందులో ఉచితంగా దొరికేది ఒకటి. మూడుల్ పెట్టుకోవాలా, డబ్బు కట్టి కొనాలా? తెలుగులోనా, ఇంగ్లీషులోనా? పాలిటెక్నిక్ వాళ్లు కూడా అదే వాడతామంటే ఒప్పుకోవచ్చా? అసలు మేస్త్రీలు నోరు విప్పి చెబుతారా? ఇవీ మీ ప్రశ్నలు.

ఈ ఊళ్లో ప్లాంట్ల ట్రైనింగ్ సెంటర్లలోనూ, ఆ తర్వాత కాలేజీల్లోనూ నేను ఇదే పని చేస్తూ వచ్చాను. చూసింది సూటిగా చెబుతాను. సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం ఇందులో చిన్న పని, వారం రోజుల్లో అయిపోతుంది. పెట్టిన ఆరు నెలలకే ఎవరూ తెరవని ప్లాట్‌ఫాంలు మన ఊళ్లో చాలా ఉన్నాయి. వాటన్నిటిలోనూ లోపం ఒక్కటే. కుర్రాడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పాల్సిన మనిషికి, ఆ జవాబుని రాసిపెట్టాల్సిన మనిషికి ఎవరూ టైం కేటాయించలేదు. "ఖాళీ దొరికినప్పుడు చూసుకోండి" అన్నారు. ప్లాంటు ఆపినప్పుడు చేసే షట్‌డౌన్ జాబులు నడిచే షాప్‌లో ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి ఓనరుగారిని మీరు మొదట అడగాల్సింది బడ్జెట్ కాదు. వారానికి ఒక సీనియర్ మెకానిక్‌వి రెండు గంటలు, రాసిపెట్టే ఒక కుర్ర ఇంజనీరువి ఒక పూట అడగండి, జాబ్ కార్డులో ఎక్కేలా, జీతంలో భాగంగా. దానికి ఆయన ఒప్పుకోకపోతే ఎల్ఎంఎస్ పెట్టొద్దని నా సలహా. ఆ డబ్బుతో రెండు మంచి డయల్ గేజిలు కొనుక్కుంటే షాప్‌కి అంతకన్నా ఉపయోగం.

ఓనరుగారు ఒక్క మాటలో చెప్పేశారు గానీ అందులో రెండు వేర్వేరు పనులున్నాయి. అప్రెంటిస్‌లకి పాఠం చెప్పడం ఒకటి. దానికి మొదలూ చివరా ఉంటాయి: సేఫ్టీ, కొలతల పరికరాలు, బేరింగ్ బిగించడం, అలైన్‌మెంట్, పరీక్ష, అయిపోయింది. రెండోది షాప్‌లో ఉన్న తెలివిని ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి చేరవేయడం. దానికి చివరంటూ ఉండదు, అది పాఠంతో మొదలవదు కూడా. రాత్రి షిఫ్టులో ఒక పంపు మొండికేసినప్పుడు పుట్టే ప్రశ్నతో మొదలవుతుంది. ఈ రెండింటినీ ఒకే తీరున "కోర్సులు" చేసి పీడీఎఫ్‌లు ఎక్కించేస్తే, పాఠం ఎలాగోలా సాగుతుంది, రెండోది చచ్చిపోతుంది.

ఈ సంగతి ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో డొనాల్డ్ బిట్జర్ బృందం 1960లో ప్లేటో అనే కంప్యూటర్ బోధన వ్యవస్థ మొదలుపెట్టింది. పాఠాలు చెప్పడానికే కట్టారు దాన్ని. 1973లో డేవిడ్ వూలీ అనే కుర్రాడు అందులో నోట్స్ అనే చిన్న ప్రోగ్రాం రాశాడు, సమస్య ఎదురైతే రాసి పెట్టడానికి, దానికి ఇంకొకరు జవాబివ్వడానికి. జనం దాన్ని విపరీతంగా వాడారు. నేర్చుకునేవాళ్లకి పాఠం ఎంత అవసరమో, అడిగే చోటు కూడా అంతే అవసరమని అప్పుడే తేలిపోయింది.

మీ షాప్‌కి ఇంకా దగ్గరి ఉదాహరణ జెరాక్స్ కంపెనీది. 1980ల్లో జూలియన్ ఓర్ అనే ఆంత్రోపాలజిస్ట్ కాపీ మిషన్లు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగి వాళ్ల పని గమనించాడు. మాన్యువల్‌లో లేని తేడా వచ్చినప్పుడు వాళ్లకి దారి చూపించింది మాన్యువల్ కాదు, భోజనాల దగ్గర ఒకరికొకరు చెప్పుకున్న పాత కేసులు. 1990ల్లో ఆ కంపెనీ, మొదట ఫ్రాన్స్‌లో, యురేకా అనే వ్యవస్థ పెట్టింది. టెక్నీషియన్ తను కనిపెట్టిన ఉపాయం రాస్తాడు, అనుభవమున్న ఇంకో టెక్నీషియన్ సరిచూస్తాడు, నిలబడితే రాసినవాడి పేరుతోనే అందరికీ కనిపిస్తుంది. ఉపాయానికి ఇంత అని డబ్బివ్వడం కన్నా, తమ పేరు దాని మీద ఉండటమే ఆ టెక్నీషియన్లకి ముఖ్యమైంది. మీ ముగ్గురు మేస్త్రీల విషయంలో కూడా ఈ మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు పని. "మీకు తెలిసిందంతా రాసివ్వండి" అని సీనియర్ మెకానిక్‌ని అడిగితే ఏమీ రాదు. ఆయన దాస్తున్నాడని కాదు. ముప్ఫై ఏళ్ల అలవాటు చేతిలోకి దిగిపోయాక అది ఆయనకే విడిగా కనబడదు. పని జరుగుతుండగా అడగాలి. అదీ ఒక అప్రెంటిస్ చేత అడిగించాలి, ఎందుకంటే తెలిసినవాడికి రాని ప్రశ్న తెలియనివాడికే వస్తుంది. ఒక సంభాషణ ఎలా నడుస్తుందో చూడండి. ట్రయల్ రన్‌లో పంపు స్టార్ట్ చేసిన కాసేపటికే మేస్త్రి ఆపించేశాడు. కుర్రాడు "ఎందుకు ఆపేశారు మేస్త్రీ?" అన్నాడు. "సౌండ్ ఇంటే తెలీదేటి బాబూ?" అన్నాడాయన. మామూలుగా సంభాషణ అక్కడితో ముగిసిపోతుంది, కుర్రాడు బుర్ర ఊపేస్తాడు. ఊపకుండా తర్వాతి ప్రశ్న అడగడం నేర్పించండి: "ఎలాంటి సౌండ్ మేస్త్రీ?" "గులకరాళ్లు పోసినట్టు వత్తంది గదా." "అలా వస్తే ముందు ఏం చూస్తారు?" అప్పుడు బయటికొస్తుంది అసలు సరుకు: ముందు సక్షన్ స్ట్రైనర్, అంటే నీరు పీల్చే వైపు ఉండే జల్లెడ చూస్తాడు, అది శుభ్రంగా ఉంటే సక్షన్ వాల్వు పూర్తిగా తెరిచారో లేదో, అదీ బాగుంటే ట్యాంకులో నీటి మట్టం. పుస్తకంలో కావిటేషన్ అని ఒక అధ్యాయమంతా ఉంటుంది. కానీ ఏది ముందు చూడాలి, ఏది తర్వాత అన్న వరస ఆయన దగ్గరే ఉంది. మీరు కాపాడుకోవాల్సింది ఆ వరసని.

అలా వచ్చిన జవాబుని ఒక కార్డుగా రాయండి. పెద్ద వ్యాసం వద్దు, ఫోన్‌లో రెండు స్క్రీన్లు దాటకూడదు. ఒక కార్డు పూర్తిగా ఇలా ఉంటుంది (గ్లాండ్ అంటే పంపు షాఫ్ట్ బయటికొచ్చే చోట ప్యాకింగ్‌ని నొక్కి ఉంచే భాగం, స్లీవ్ అంటే అక్కడ షాఫ్ట్ మీదుండే తొడుగు):

ప్రశ్న: గ్లాండ్ దగ్గర నీళ్లు కారుతున్నాయి, ఎంత బిగించాలి?

దేనికి వర్తిస్తుంది: గ్లాండ్ ప్యాకింగ్ ఉన్న నీళ్ల పంపులకి మాత్రమే. మెకానికల్ సీల్ ఉన్నవాటికి కాదు.

జవాబు: కారడం పూర్తిగా ఆపకూడదు. ప్యాకింగ్ చల్లగా ఉండేది, షాఫ్ట్ రాపిడి లేకుండా తిరిగేది ఆ నీళ్ల వల్లే. మామూలు సైజు పంపుకి నిమిషానికి 40 నుంచి 60 చుక్కలు పడనివ్వాలి. కొత్త ప్యాకింగ్ వేశాక మొదట వదులుగా ఉంచి స్టార్ట్ చెయ్యాలి. ధారగా కారినా కంగారుపడొద్దు. పది పదిహేను నిమిషాలకోసారి రెండు నట్లనీ సమానంగా, ఒక్కో పలక చొప్పున బిగిస్తూ రావాలి. గ్లాండ్ వేడెక్కితే పంపు ఆపి చల్లారనివ్వాలి. నడుస్తుండగా నట్లు వదులు చెయ్యొద్దు.

ఎక్కడ తప్పు జరుగుతుంది: చుక్క కూడా పడకూడదని బిగించేస్తారు. ప్యాకింగ్ మాడి గట్టిపడి స్లీవ్‌ని గీసేస్తుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు ప్యాకింగ్ మార్చినా కారుతూనే ఉంటుంది.

చెప్పినవారు, సరిచూసినవారు, రాసిన తేదీ, మళ్లీ చూడాల్సిన తేదీ.

చివరి వరస చాలా ముఖ్యం. పేరు లేని కార్డుని షాప్‌లో ఎవరూ నమ్మరు. ఫలానా మేస్త్రి చెప్పాడంటే నమ్ముతారు. తేదీ లేని కార్డు ఐదేళ్ల తర్వాత ప్రమాదం, అప్పటికి పంపు మోడల్ మారిపోయి ఉండొచ్చు. ఇక కార్డుకి పెట్టే పేరు, అంటే ప్రశ్న ఎలా రాయాలన్నది. "గ్లాండ్ ప్యాకింగ్ మెయింటెనెన్స్ విధానం" అని పెడితే రాత్రి రెండింటికి ఎవరూ వెతకరు. నీళ్లు కారుతున్నాయి అనే వెతుకుతారు. రోగం పేరుతో కాక లక్షణంతో పేరు పెట్టండి, షాప్‌లో అడిగే మాటల్లోనే.

మేస్త్రీలు చెబుతారా అన్నారు. మీ ప్రశ్నల్లో నాకు బాగా ముఖ్యమనిపించింది ఇదే. "చెప్పేస్తే ఇక నాతో పనేముంది" అన్న భయం వాళ్లలో ఉంటుంది, దాన్ని తప్పు పట్టడానికి లేదు. జీవితమంతా ఆ పనితనమే వాళ్ల గౌరవం, వాళ్ల ఇంక్రిమెంటు. అందుకే మూడు పనులు చెయ్యమంటాను. కార్డు మీద ఆయన పేరు ఎప్పటికీ ఉంటుందని ముందే చెప్పండి, రిటైరైనా తీసెయ్యరని. ఏ కార్డు పాసవ్వాలో కాకూడదో తేల్చే అధికారం ఆయనకే ఇవ్వండి, ఇంజనీరుకి కాదు. ఇంజనీరు భాష దిద్దొచ్చు, విషయం మీద ఆఖరి మాట మేస్త్రిది. మూడోది, రిటైరయ్యాక వారానికి ఒక పూట కార్డులు సరిచూడటానికి డబ్బిచ్చి పిలవండి, ఆ సంగతి ఇప్పుడే కాగితం మీద పెట్టండి. ఇవి చేసిన చోట సీనియర్లు తమంతట తామే "ఇది కూడా రాసుకో బాబూ" అని పిలవడం చూశాను. చెయ్యని చోట, నవ్వుతూ తప్పించుకుంటారు.

వాట్సాప్ సంగతి కూడా చెప్పాలి. మీ షాప్‌లో ఇప్పటికే ఒక గ్రూపు ఉండి ఉంటుంది, ఫొటో పెట్టి "ఇదేంటన్నా" అంటే ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు చెబుతారు. దాన్ని ఆపించకండి. ప్లాట్‌ఫాంలోనే అడగాలని ఆర్డరు వేసిన చోట ప్రశ్నలే ఆగిపోయాయి. ప్రశ్నని అక్కడే అడగనివ్వండి, జవాబుని మాత్రం అక్కడ వదిలేయకండి. శనివారం మధ్యాహ్నం మీ కుర్ర ఇంజనీరు ఆ వారం గ్రూపు మొత్తం చూసి, తేలిన ప్రశ్నల్ని కార్డులుగా రాసి, మేస్త్రి చేత సరిచూపించి, లింకుని మళ్లీ అదే గ్రూపులో పెట్టాలి. ఇంకోసారి అదే ప్రశ్న వస్తే జవాబు టైపు చెయ్యక్కర్లేదు, లింకు ఇస్తే చాలు. మొదట్లో నేనడిగిన ఒక పూట టైం దీనికోసమే. దీనికి తోడు టెస్ట్ బెంచి మీద, పంపు స్టాండు మీద క్యూఆర్ స్టిక్కర్లు అంటించండి, ఆ మిషన్‌కి సంబంధించిన కార్డులు తెరుచుకునేలా. గ్రీజు చేతులతో మెనూలు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

భాష సంగతికొస్తే, తెలుగులోనే పెట్టండి, షాప్ మాటలు షాప్ మాటల్లాగే ఉండనివ్వండి. కప్లింగ్, షిమ్, స్లీవ్, సాఫ్ట్ ఫుట్ అనే రాయండి. వాటికి కొత్త తెలుగు పదాలు తయారుచేస్తే ఎవరికీ అర్థం కాదు. వెతకడానికి వీలుగా ట్యాగుల గడిలో ఇంగ్లీషు స్పెల్లింగ్ కూడా ఇవ్వండి. తెలుగుతో రెండు సాంకేతిక చిక్కులున్నాయి, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు వాటి గురించి చెప్పరు.

ఒకటి పాత నోట్సు. మీ దగ్గర తెలుగులో టైపు చేసిన సేఫ్టీ పుస్తకాలు, వర్క్ ఇన్‌స్ట్రక్షన్లు ఉంటే అవి చాలామటుకు అనూ ఫాంట్లలో ఉండి ఉంటాయి. అది యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి, కాదు. స్క్రీన్ మీద తెలుగులా కనిపిస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం అవి తెలుగు అక్షరాలని తెలియదు. ఆ పీడీఎఫ్ ఎక్కించి "బేరింగ్" అని వెతికితే పేజీ నిండా బేరింగ్ ఉన్నా దొరకదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒక మనిషి చేత చదివించండి. వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, సేఫ్టీ సూచనలో ఒక్క అంకె మారినా ప్రమాదమే.

రెండోది పరీక్షల్లో వస్తుంది. తెలుగు కీబోర్డులు కొన్ని, "షాఫ్ట్" అన్న మాట చివర కంటికి కనబడని ఒక క్యారెక్టర్ పెడతాయి, అక్షరాలు కలిసిపోకుండా ఉండటానికి. ఇంకో కీబోర్డు పెట్టదు. రెండూ చూడటానికి అచ్చం ఒకటే. ఒక పదంలో జవాబు రాసే ప్రశ్న ఇస్తే కుర్రాడు సరిగ్గా రాసినా కంప్యూటర్ తప్పు వేస్తుంది, వాడికి ఎందుకో అర్థం కాదు. పైగా ఒకడు షాఫ్ట్ అంటాడు, ఒకడు షాఫ్టు అంటాడు. కాబట్టి తెలుగు క్విజ్‌లలో టైపు చేసే ప్రశ్నలు పెట్టకండి. మల్టిపుల్ చాయిస్ ఇవ్వండి, అంకెల ప్రశ్నలు ఇవ్వండి, అన్నిటికన్నా బొమ్మ మీద భాగాల పేర్లు లాగి పెట్టే ప్రశ్నలు ఇవ్వండి. పంపు విడదీసిన ఫొటో పెట్టి వేర్ రింగ్ ఎక్కడో, ఇంపెల్లర్ నట్టు ఎక్కడో చూపించమంటే, కుర్రాడికి వచ్చో రాదో వెంటనే తెలిసిపోతుంది.

క్విజ్‌ని మార్కుల కోసం మాత్రమే వాడేస్తుంటారు, అది దాని శక్తిని వృథా చెయ్యడం. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, ఇంకొందరు చదివాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే గుర్తు తెచ్చుకున్నవాళ్లు ముందున్నారు. షాప్‌లో మనకి కావాల్సింది వారం తర్వాతి జ్ఞాపకం. పొద్దున్న పని మొదలయ్యేముందు సేఫ్టీ గురించి మాట్లాడుకునే టూల్‌బాక్స్ టాక్‌కి ముందు మూడు ప్రశ్నలు, మార్కులు లేకుండా, గత వారం కార్డుల నుంచి. ఫోన్‌లో రెండు నిమిషాలు పడుతుంది. గంటన్నర వీడియో కన్నా ఇది ఎక్కువ నిలబడుతుంది. వీడియోలు తీయాల్సి వస్తే ఒక్క పని, రెండు మూడు నిమిషాలు, చేతులు కనిపించేలా తీయండి. ముఖాలు, కంపెనీ లోగో యానిమేషన్లు అక్కర్లేదు.

ఇక సాఫ్ట్‌వేర్. మీ సైజుకి మూడుల్ చాలు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్టిన్ డూగియామాస్ మొదలుపెట్టాడు దాన్ని, మొదటి వెర్షన్ 2002 ఆగస్టులో వచ్చింది. ఓపెన్ సోర్స్ కాబట్టి లైసెన్సు ఖర్చు లేదు, కానీ చూసుకునే మనిషి ఖర్చు ఉంది. సర్వరు, బ్యాకప్, అప్‌డేట్లు ఎవరో ఒకరు చూడాలి. మీ దగ్గర ఆ మనిషి లేకపోతే మధురవాడ, రుషికొండ వైపు చిన్న ఐటీ సంస్థలు నెలవారీ లెక్కన చేస్తాయి. ఎక్కువ కాలం సెక్యూరిటీ సపోర్ట్ ఉండే ఎల్‌టీఎస్ వెర్షన్ పెట్టమనండి. క్రాన్, అంటే సర్వరులో పనుల్ని దానంతటదే టైముకి నడిపే ప్రోగ్రాం, ప్రతి నిమిషం నడుస్తోందో లేదో అడగండి. అది ఆగితే నోటిఫికేషన్లు వెళ్లవు, అప్పుడు జనం ప్లాట్‌ఫాం పాడైందనుకుని మానేస్తారు. గ్లోబల్ సెర్చ్ దానంతటదే ఆన్‌లో ఉండదు, ఆన్ చేయించుకోండి. కార్డుల కోసం మూడుల్‌లోనే డేటాబేస్ అనే యాక్టివిటీ ఉంది. గడులు మీరే పెట్టుకోవచ్చు, ఎవరైనా రాయొచ్చు, ఆమోదించాకే అందరికీ కనిపించేలా సెట్ చెయ్యొచ్చు. పైన చెప్పిన కార్డు అందులో చక్కగా ఇముడుతుంది. కార్డులు వందల్లోకి వెళ్లాక విడిగా వికీ ఒకటి పెట్టుకునే సంగతి ఆలోచించొచ్చు, ఇప్పుడే వద్దు.

మొబైల్ యాప్‌లో పాఠాలు ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, సెట్టింగ్ పెడితే క్విజ్ కూడా నెట్ లేకుండా రాసి తర్వాత పంపొచ్చు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చే కుర్రాళ్లు సెలవులకి ఇంటికెళితే సిగ్నల్ దొరకని ఊళ్లు ఇంకా ఉన్నాయి, వాళ్లకి ఇది అవసరం. సర్వరుని ఆఫీసులో టేబుల్ కింద పెట్టకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో కరెంటు, సెల్ సిగ్నల్ రోజుల తరబడి లేవు. క్లౌడ్‌లో ముంబైలోనో హైదరాబాద్‌లోనో పెట్టి, బ్యాకప్ ఇంకో చోట ఉంచండి. మూడు నెలలకోసారి ఆ బ్యాకప్ నుంచి సైటు మళ్లీ నిలబెట్టి చూపించమనండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నమ్ముకోకూడదు.

కొనే పద్ధతైతే ఒక్కటి చూసుకోండి. నెలకి మనిషికి ఇంత అని తీసుకునే సంస్థలు చాలా ఉన్నాయి. అప్రెంటిస్‌లు మారుతూ ఉండే మీకు వెళ్లిపోయినవాళ్ల అకౌంట్లకీ బిల్లు పడకుండా చూసుకోవాలి. మీరు బయటికి రావాలనుకుంటే కోర్సులు స్కార్మ్ (వేరే ఎల్ఎంఎస్‌లలో కూడా తెరుచుకునే ఫార్మాట్) ప్యాకేజీగా, ప్రశ్నలు వేరే చోట పనికొచ్చే ఫార్మాట్‌లో ఇస్తారని అగ్రిమెంటులో రాయించుకోండి. ఇవ్వము అని వాళ్లంటే కొనొద్దు. లైవ్ క్లాసుల సాఫ్ట్‌వేర్ మీకు అక్కర్లేదు, అందరూ ఒకే షెడ్డులో ఉన్నారు.

పాలిటెక్నిక్ విషయం. ఒప్పుకోండి, కానీ గోడ కట్టి ఒప్పుకోండి. మూడుల్‌లో కేటగిరీలు (కోర్సుల విభాగాలు), కోహార్టులు (మనుషుల గుంపులు) ఉన్నాయి. కాలేజీ కోర్సులు ఒక కేటగిరీలో, మీవి ఇంకో కేటగిరీలో పెట్టి, విద్యార్థులకి మీ కార్డుల్లో ఎంచినవి మాత్రమే కనిపించేలా చెయ్యండి. ట్రైనింగ్ పూర్తయిన రోజు వాళ్ల అకౌంటు ఆగిపోవాలి. లెక్చరర్లకి సెమిస్టరు, మార్కులు, హాజరు కావాలి. మీకు కావాల్సింది వేరు, కుర్రాడు ఒంటరిగా సీల్ మార్చగలడా లేదా అని. ఈ రెండు లెక్కల్నీ కలపకండి.

అయితే ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక మంచి చోటు ఉంది, దీన్ని వదులుకోవద్దని గట్టిగా చెబుతాను. మీ కార్డుల్లో ఏం చెయ్యాలో ఉంటుంది, ఎందుకో తరచూ ఉండదు. గులకరాళ్ల శబ్దం ఎందుకొస్తుంది, సక్షన్ వైపు ఒత్తిడి తగ్గితే నీరు ఆవిరి బుడగలుగా మారి ఇంపెల్లర్ దగ్గర పేలడం ఎలా జరుగుతుంది అన్నది ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్పే లెక్చరర్ నాలుగు వాక్యాల్లో రాయగలరు. ఆ నాలుగు వాక్యాలు కార్డు కింద చేర్చండి, ఆయన పేరుతోనే. బదులుగా మీ కేసుల్ని ఆయన క్లాసులో ప్రశ్నలుగా ఇస్తారు. ఐఐటీల పాఠాలు 2003లో మొదలైన వీడియో పాఠాల ప్రాజెక్టు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి, 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో సర్టిఫికెట్ పరీక్షలూ ఉన్నాయి. ఐటీఐ ట్రేడుల సిలబస్, ప్రశ్నల బ్యాంకులు భారత్ స్కిల్స్ పోర్టల్‌లో దొరుకుతాయి. అందరికీ వర్తించే సిద్ధాంతం కోసం మీరు కొత్తగా పాఠాలు తయారుచెయ్యక్కర్లేదు, లింకు ఇవ్వండి. మీ షాప్‌లో తప్ప ఇంకెక్కడా దొరకని దానికే మీ టైం పెట్టండి.

జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. మీ జాబులు రిఫైనరీకి, స్టీల్ ప్లాంటుకి, పోర్టుకి, బహుశా నేవల్ డాక్‌యార్డుకీ వెళుతుంటాయి. అక్కడ కెమెరా ఫోన్లకి ఆంక్షలుంటాయి, ప్రమాదకర జోన్లలో మామూలు ఫోన్ తీసుకెళ్లడమే నిషేధం. "కార్డు కోసమే కదా" అని ఎవరైనా సైట్‌లో ఫొటో తీస్తే గేటు పాసులే రద్దవుతాయి. ఫొటోలు మీ షెడ్డులోనే, కస్టమర్ పేరు, ట్యాగ్ నంబరు, డ్రాయింగ్ కనబడకుండా తీయాలని మొదటి రోజే చెప్పండి. రెండోది, ఐటీఐ నుంచి 18 నిండని కుర్రాళ్లు వస్తే 2023 నాటి డిజిటల్ డేటా చట్టం వాళ్లని పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. చేరేటప్పుడు తీసుకునే కాగితాల్లో ఆ సంతకం కలపండి. ఆధార్ నంబర్లు, ఇంటి అడ్రసులు ప్లాట్‌ఫాంలోకి ఎక్కించకండి, వాటితో అక్కడ పనేమీ లేదు.

ఓనరుగారు మూడు నెలల తర్వాత రిపోర్టు అడుగుతారు. ఎన్ని లాగిన్లు, ఎంతమంది వీడియో చూశారు అన్న అంకెలు సాఫ్ట్‌వేరే ఇస్తుంది, కానీ వాటిలో సారం లేదు. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే ట్రైనింగ్‌ని నాలుగు మెట్లలో కొలవమన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, ఫలితం వచ్చిందా. మీరు మూడో మెట్టు మీద, నాలుగో మెట్టు మీద దృష్టి పెట్టండి. గ్లాండ్ కార్డు వచ్చాక స్లీవ్ గీసుకుపోయి వెనక్కొచ్చిన పంపులు తగ్గాయా? రాత్రి షిఫ్టు నుంచి మేస్త్రి ఇంటికి వెళ్లే ఫోన్లు తగ్గాయా? రీవర్క్ రిజిస్టర్ మీ దగ్గర ఎలాగూ ఉంటుంది, లెక్క అందులోనే దొరుకుతుంది.

ఈమధ్య అందరూ ఏఐ చాట్‌బాట్ పెట్టమంటున్నారు, మీకూ ఎవరో ఒకరు అమ్మజూపుతారు. కార్డులు లేకుండా అది ఏం చెబుతుంది? ఇంటర్నెట్‌లో ఎక్కడిదో పంపు గురించి చెబుతుంది. రెండు మూడు వందల కార్డులు చేరాక, ఏ కార్డు ఆధారంగా చెప్పిందో చూపించే పద్ధతిలో అయితే పనికొస్తుంది. మాటని రాతగా మార్చే సాఫ్ట్‌వేర్లు మాత్రం ఇప్పుడే వాడి చూడండి, కేంద్ర ప్రభుత్వపు భాషిణి లాంటివి తెలుగులో ఉన్నాయి. షాప్ చప్పుడులో, మన ఉత్తరాంధ్ర యాసలో అవి తడబడతాయి, అందుకని మేస్త్రి మాటల్ని కాలర్ మైకుతో రికార్డు చేసి, రాత వచ్చాక కుర్ర ఇంజనీరుకి ఆ రికార్డు వినిపిస్తూ దిద్దించండి. అసలు ఆడియో కూడా దాచండి.

మొదలుపెట్టడానికి సైటు తయారయ్యేదాకా ఆగక్కర్లేదు. ముగ్గురిలో ముందు రిటైరయ్యేది ఎవరో చూసి, ఆయన ఎక్కువగా చేసే ఒకే ఒక్క పని, సీల్ మార్చడమో అలైన్‌మెంటో, దాంతో మొదలుపెట్టండి. ఒక అప్రెంటిస్‌ని ఆయన పక్కన ఉంచి, పైన చెప్పిన తీరులో అడిగించి, కార్డులు కాగితం మీదే రాయించండి. ఇరవై కార్డులు పోగయ్యాక మూడుల్ పెట్టించేవాళ్లకి అవి చూపిస్తే, గడులు ఏం కావాలో వాళ్లకీ మీకూ స్పష్టంగా తెలుస్తుంది. ఆ కార్డుల్లో ఒకటి రెండు, కస్టమర్ వివరాలు తీసేసి, ఇక్కడ పెట్టండి. ప్రశ్న వేసిన తీరు, జవాబులోని వరస నేను చూసి చెబుతాను.